గురువారం పంటినొప్పి

మనసు బాగోలేదని ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూర్చుని గోడు వెళ్లబోసుకునేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. వాళ్లకు ఇల్లు లేదా? ఇరుగుపొరుగు లేరా? కనీసం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపైనా లేదా?

మనసుకు డాక్టరు దండగ! ఎవరి మనసు వాళ్లే ఇంట్లో కూర్చుని శుభ్రంగా బాగుచేసుకోవచ్చు. ఈ మాట నేను పుస్తకాల్లో చూసి చెప్పడం లేదు. డిగ్రీలో సైకాలజీ ఒక సబ్జెక్టుగా చదివిన మాట నిజమే గానీ, అందులో ఇంతటి వైద్యం లేదు. ఇది పూర్తిగా నా స్వానుభవం.

మేము నాచారంలో ఉంటాం. మా ఆయన విజయభాస్కర్ గారు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్నారు. వచ్చే వేసవికి రిటైరవుతారు. ఆయనకు జీవితంలో ఒకే ఒక్క సిద్ధాంతం ఉంది. ప్రతి వస్తువుకూ దాని పని తెలిసిన మనిషి ఉంటాడు, ఆ మనిషే దాని మీద చెయ్యి వెయ్యాలి.

ఏసీ కాస్త గుర్రుమంటే మెకానిక్ రావాలి. నీళ్ల ఫిల్టరుకు ఏడాది పొడవునా సర్వీసు కాంట్రాక్టు. స్కూటరును హబ్సిగూడలో ఒకే ఒక్క మెకానిక్ ముట్టుకోవాలి. అతను పెళ్లికని ఊరెళితే, వచ్చేదాకా ఈయన ఆఫీసుకు మెట్రోలో వెళ్లివచ్చారు గానీ స్కూటరును ఇంకొకరికి అప్పగించలేదు.

ఇక ఆయన పళ్లు. చిగుళ్ల జబ్బుతో ఉన్నవన్నీ పోయాక పైన ఒక సెట్టు, కింద ఒక సెట్టు కట్టించుకున్నారు. ఆ సెట్టు చిగురుకు ఆవగింజంత ఒరుసుకున్నా తార్నాకలో స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే. ఒకసారి నేను, "ఇటివ్వండి, గోళ్ల ఆకురాయితో కాస్త రుద్దిపెడతాను" అన్నాను. ఆయన సెట్టును చటుక్కున గ్లాసులోంచి తీసి గుప్పిట్లో దాచుకున్నారు.

"తెలియని పనిలో చెయ్యి పెట్టకూడదోయ్. దేనికైనా చదువుకున్నవాడు ఒకడుంటాడు" అన్నారు. గ్లాసులోంచి తీశారు గానీ ఇంకా పెట్టుకోలేదు కాబట్టి ఆ వాక్యంలో సగం నేను ఊహించుకున్నదే.

ఇంత పద్ధతైన ఇంట్లో పోయిన వానాకాలం నాకొక చిన్న తేడా వచ్చింది.

పొయ్యి మీద పాలు పెట్టాను. ఎదురుగానే నిలబడ్డాను. పాలు పొంగాయి. అంచు దాటాయి. గట్టు మీద పరుచుకుని, ధారకట్టి, నా కాళ్ల దగ్గరికి వచ్చాయి. స్టవ్ కట్టెయ్యాలని నాకు తెలుసు. చెయ్యి లేవలేదు. పోనీ బాధగా ఉందా అంటే అదీ లేదు. ఏమీ లేదు.

నా గురించి తెలియనివాళ్లకు ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. నేను డబ్బాల మూతలను సైజు వారీగా సర్దుకునే మనిషిని. చుట్టాలింటికి వెళ్లినా వాళ్ల గట్టు తుడిచి గానీ కూర్చోను. అలాంటి నేను కాళ్ల కింద పాలు చల్లారేదాకా నిలబడ్డాను. మరుసటి వారం మళ్లీ అలాగే జరిగింది. ఆ తర్వాత ఇంకోసారి. అప్పుడు భయం వేసింది.

సాయంత్రం ఆయనకు చెప్పాను.

"ఏమండీ, నాకు బాగోలేదు. ఎవరికైనా చూపించుకుంటాను."

"జ్వరమా?"

"కాదు. మనసు బాగోలేదు. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడుతున్నాను."

"ఇండక్షన్ స్టవ్ తెచ్చేద్దాం. దానంతటదే ఆగుతుంది."

"పాల గురించి కాదండీ. కౌన్సెలర్లని ఉంటారట..."

"ఛ. అవన్నీ మనకెందుకు? మనసు నీది. దాన్ని బయటివాడెవడో వచ్చి ఎలా బాగుచేస్తాడు? నువ్వే గట్టిగా అనుకోవాలి."

ఎంత చక్కటి మాట! నీళ్ల ఫిల్టరు కూడా మాదే, దాన్ని బయటివాడే బాగుచేస్తున్నాడు కదా అన్న సందేహం నాకు అప్పుడు రాలేదు. వచ్చేసరికి ఆయన వార్తలు పెట్టుకున్నారు.

అలా నా స్వయం చికిత్స మొదలైంది. స్వయం అని పేరే గానీ, ఇందులో మనం ఒంటరిగా ఉండే ప్రమాదం ఏమీ లేదు.

మొదటి వైద్యురాలు మా పెద్దాడపడుచు ఛాయాదేవి గారు. మల్కాజిగిరిలో ఉంటారు. తమ్ముడు ఫోనులో చెప్పీ చెప్పకముందే లాలాపేట్ ఫ్లైఓవర్ దాటుకుని ఆటోలో వచ్చేశారు. సోఫాలో కూర్చుని ఇల్లంతా ఒకసారి కలయజూశారు.

"నీకేం తక్కువ సుందరీ? ఇంత ఫ్రిజ్జుంది. బాల్కనీలో ఉయ్యాల ఉంది. మా తమ్ముడా, పల్లెత్తు మాట అనడు."

"అదే వదినగారూ, మాటలే తక్కువ."

"అదృష్టమంటే నీదే తల్లీ. మా ఆయన నోరు మూసుకుంటే చాలని నేను మొక్కుకుంటున్నాను. ఇంతకీ ఏమవుతోంది నీకు?"

"పాలు పొంగిపోతున్నాయి."

"పాలు పొంగితే శుభమే కదే! గృహప్రవేశం నాడు కావాలని పొంగిస్తాం."

ఆ లెక్కన మా ఇంట్లో వారం వారం గృహప్రవేశం జరుగుతోందన్నమాట.

వదినగారి చికిత్సలో ముఖ్యమైన మందు పోలిక. మనకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను తలుచుకుంటే మన కష్టం కరిగిపోతుందట. కాళ్లు పడిపోయిన పిన్నిగారి దగ్గర మొదలుపెట్టి, వ్యాపారంలో దివాలా తీసిన మేనమామ మీదుగా, పెళ్లయిన నెలకే అత్తారింటితో తెగతెంపులు చేసుకున్న అమ్మాయి దాకా వరసగా చెప్పుకొచ్చారు. మధ్యాహ్నం భోజనం చేసి మళ్లీ అందుకున్నారు. సాయంత్రానికి నా బాధ పోలేదు గానీ, దానికి తోడు వీళ్లందరి బాధా వచ్చి చేరింది. ఇంటి ఆడపడుచు చేతులూపుకుంటూ వెళ్లకూడదు కాబట్టి పసుపూ కుంకుమా జాకెట్టు గుడ్డా పెట్టి పంపాను.

వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగి ఇంకో మందు కూడా రాసిచ్చారు. ఉన్నవాటికి కృతజ్ఞత చెప్పుకోవాలట. నేను ఏ పనైనా పద్ధతిగా చేస్తాను. హాల్లో టీవీతో మొదలుపెట్టి, గది గదికీ వెళ్లి, కనిపించిన ప్రతి వస్తువుకూ మనసులో కృతజ్ఞత చెప్పేదాన్ని. ఉయ్యాలకు చెప్పేటప్పుడు దాని గొలుసుకు పట్టిన తుప్పు కనిపించేది. కిటికీకి చెప్పేటప్పుడు మెష్‌లో దుమ్ము కనిపించేది. కృతజ్ఞత పూర్తయ్యేసరికి ఇల్లంతా మళ్లీ కడగాల్సి వచ్చేది. మనశ్శాంతి సంగతి చెప్పలేను గానీ, మా ఇల్లు ఎప్పుడూ అంత శుభ్రంగా లేదు.

రెండో వైద్యుడు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ కనకరాజు గారు. లిఫ్టులో కలిస్తే మా ఆయన, "మా ఆవిడకు మనసు కొంచెం..." అన్నారట. నాలుగో అంతస్తు వచ్చేలోపల కనకరాజు గారు నా రోగం నిర్ధారించి మందు కూడా చెప్పేశారు. మర్నాడు నేను చెత్తబుట్ట పెట్టడానికి తలుపు తీస్తే ఎదురుగా నిలబడి ఉన్నారు.

"మేడమ్, జర నవ్వుండ్రి. గంతే. దీనికి దవాఖానలెందుకు? పొద్దుగాల మిద్దెమీదికి రాండ్రి, మన నవ్వుల క్లబ్బుంది కదా."

కనకరాజు గారిని ఎరగనివాళ్లు మా వీధిలో లేరు. భారీ మనిషి, భారీ నవ్వు. పొద్దున్నే గ్రూపులో సూర్యోదయం బొమ్మ పెట్టి, దాని కింద సంతోషంగా ఉండమని ఆజ్ఞాపిస్తారు. సంపు కడిగించే నోటీసులో కూడా చివర 'ఆల్వేస్ స్మైల్' అని ఉంటుంది.

నేను వెళ్లాను. నీళ్ల ట్యాంకులకూ, బట్టలారేసిన తీగలకూ మధ్య గుండ్రంగా నిలబడి చేతులు పైకెత్తి నవ్వాలి. నవ్వు రాకపోయినా నవ్వాలి. అదే అందులోని గొప్పదనం. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఎవరో బెదిరిస్తున్నట్టుగా అందరం హహ్హహ్హ అన్నాం. పక్క బిల్డింగులో చంటిపిల్ల ఒకతి జడుసుకుని ఏడుపు అందుకుంది. నాకు ఆ పిల్ల మీద అసూయ కలిగింది. ఆ పిల్లను నవ్వమని ఎవరూ అనలేదు. ఎవరో వచ్చి ఎత్తుకున్నారు.

"ఏదీ లోపలికి తీస్కోవద్దు మేడమ్," అన్నారు కనకరాజు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "నన్ను సూడుండ్రి. నాకేమన్న ఫికరున్నదా?"

ఆయన్ను చూస్తే నిజంగానే ఏ ఫికరూ ఉన్నట్టు లేదు. ఆ నవ్వుకు నీళ్ల ట్యాంకు మూత అదిరింది.

మూడో చికిత్స మా ఆయన స్వయంగా కొనితెచ్చారు. చేతి గడియారం. టైము చూపించడం దానికి చిన్నతనం. మన లోపలి ఒత్తిడి ఎంతుందో అంకెల్లో చెబుతుంది. ఎక్కువైతే మణికట్టు మీద బుర్రుమని, 'నిదానంగా ఊపిరి తీసుకోండి' అంటుంది.

పప్పు పోపు వేస్తుంటే బుర్రుమనేది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో మూత, మిరపకాయల ఘాటు ముక్కులోకి ఎక్కుతుంటే నిదానంగా ఊపిరి తీసుకోవాలి! తీసుకున్నాను. తీసుకుని సాయంత్రం దాకా దగ్గాను. దగ్గుతున్నంతసేపూ అది బుర్రుమంటూనే ఉంది.

ఆయన రోజూ నా చేతిని దగ్గరికి లాక్కుని గడియారం చూసేవారు. నా చెయ్యి పట్టుకుని చాలా కాలమైంది కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

"పగలంతా బాగానే ఉందే. సాయంత్రం ఏడింటికి ఎందుకు ఒక్కసారిగా పెరిగింది?"

"అప్పుడు మీరొచ్చారు."

ఆయన గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది సరిగ్గా పనిచేస్తున్నట్టు లేదు" అన్నారు. మర్నాడే దాన్ని సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లారు. తెలియని పనిలో మనం చెయ్యి పెట్టకూడదు కదా!

ఇంకా ఎన్ని చెప్పను? ఫోనులో 'పాలు పొంగుతుంటే కదలలేకపోవడం' అని వెతికితే, పొంగకుండా చూసే గిన్నెల ప్రకటనలు కుప్పలుగా వచ్చాయి. పెద్దవాళ్లు రంగులు వేసుకునే పుస్తకం ఒకటి ఎవరో ఇచ్చారు. గీత దాటి రంగు పోయిందని ఒక నెమలిని ముగించలేక నేను మరింత దిగులుపడ్డాను. ఇన్ని వైద్యాలు చుట్టూ జరుగుతున్నా పాలు మాత్రం వాటి ఇష్టం వచ్చినప్పుడు పొంగుతూనే ఉన్నాయి. నేనూ చూస్తూనే ఉన్నాను.

అప్పుడు, పాఠకులారా, నాకు పంటినొప్పి వచ్చింది.

వచ్చిందని అనడం కంటే ఎదురింటి దుర్గాభవాని ఇచ్చిందని అనడం న్యాయం. ఒక ఉదయం నేను ఎందుకో తెలియకుండానే కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, పాలప్యాకెట్ కోసం తలుపు తీశాను. ఆమె ముగ్గు వేస్తూ తలెత్తింది.

"ఏందక్కా, మొఖం గట్ల వాసింది? పన్ను నొస్తున్నదా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. "అవును" అన్నాను.

"అయ్యో. రాత్రంతా నిద్రపోలేదా ఏంది? నాకు పోయినేడు గిట్లనే అయింది, సచ్చి బతికిన. బావగారికి సెప్పినవా? సెప్పలే? ఉండు, నేను సెప్త."

నేను ఆపేలోపే లోపలికి వెళ్లి చెప్పేసింది. మా ఆయన షేవింగ్ సబ్బు మొహంతోనే బయటికి పరుగెత్తుకొచ్చారు.

"పన్ను నొప్పెడుతుంటే ఊరుకున్నావా? బుద్ధుందా నీకు? పంటి విషయంలో అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో నన్ను చూసి కూడా తెలుసుకోలేదా? పద, ఇవాళే తార్నాక వెళ్దాం."

"మీ డాక్టరు కట్టుడు పళ్లకు కదండీ. నాది సొంత పన్ను. ఉప్పల్‌లో ఒక లేడీ డాక్టరు ఉందట. నేనే వెళ్లొస్తాను."

"లేడీ డాక్టరైతే మరీ మంచిది. వెళ్లు. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వెళ్లు. మధ్యలో మానెయ్యకు."

చూశారా! వానాకాలం నుంచీ నేను వినాలనుకున్న మాటలు అక్షరం పొల్లుపోకుండా అవే.

ఉప్పల్ రింగురోడ్డు మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక బిల్డింగు ఉంది. కూరగాయలకు వెళ్లినప్పుడల్లా దాన్ని చూసేదాన్ని. కింద టిఫిన్ సెంటరు. మొదటి అంతస్తులో పళ్ల ఆసుపత్రి, రోడ్డు మీదికి కనిపించేలా పెద్ద పన్ను బొమ్మ. రెండో అంతస్తులో కౌన్సెలింగ్ సెంటరు, దానికి అరచెయ్యంత బోర్డు. మెట్లు మాత్రం అందరికీ ఒకటే. ఆ బిల్డింగు కట్టినాయనకు నా నమస్కారం. మొదటి అంతస్తు దాకా ఎక్కుతున్న ప్రతి మనిషీ పంటి రోగే. అక్కడ మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసుకుని, ఎవరూ లేకపోతే, మిగతా మెట్లు గబగబా ఎక్కెయ్యాలి.

కౌన్సెలర్ పేరు ఉదయశ్రీ. చిన్నపిల్ల. "చెప్పండి అమ్మా" అంది.

నేను, "పాలు పొంగుతుంటే..." అని ఆగాను. ఎవరో ఒకరు అందుకుంటారు కదా, ఆ అలవాటుతో ఆగాను. ఆ అమ్మాయి అందుకోలేదు. ఫ్యాను తిరుగుతోంది. కింద టిఫిన్ సెంటర్లో ఎవరో ప్లేటు దోసె, రెండు టీ అని కేక పెట్టారు. ఆ అమ్మాయి నా వైపే చూస్తూ కూర్చుంది. చివరికి నేనే నా వాక్యాన్ని పూర్తి చేసుకోవాల్సి వచ్చింది. ఎంత కాలమైందో నా వాక్యం నేను చివరిదాకా చెప్పి!

అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"పాలు పొంగుతున్నప్పుడు మీరు దేనికోసం చూస్తున్నారమ్మా?"

ఇదీ ఒక ప్రశ్నేనా అనుకున్నాను. కానీ నా నోట్లోంచి జవాబు వచ్చేసింది. "ఎవరైనా వచ్చి కట్టేస్తారేమోనని."

ఆ అమ్మాయి దగ్గర ఒక టిష్యూ పెట్టె ఉంది. దాన్ని నా వైపు జరిపింది.

మీరే చెప్పండి, ఇది వైద్యమా? సలహా లేదు. పోలిక లేదు. నవ్వమనలేదు. నీకేం తక్కువ అని కూడా అడగలేదు. మళ్లీ వచ్చే గురువారం రమ్మంది. వెళ్లాను.

ఇంట్లో మాత్రం నా పంటినొప్పికి పట్టాభిషేకం జరిగింది. రూట్ కెనాల్ అన్నాను. రూట్ కెనాల్‌కు చాలాసార్లు తిప్పుతారని అందరికీ తెలుసు కాబట్టి ఎన్ని వారాలైనా ఎవరూ అనుమానించరు. గ్రూపులో కనకరాజు గారు నేను త్వరగా కోలుకోవాలని పెట్టారు. దాని కింద దండాలూ పువ్వులూ వరస కట్టాయి. మనసు బాగోలేనప్పుడు నవ్వమన్నవాళ్లలో ఒక్కరు కూడా పంటినొప్పికి నవ్వమనలేదు.

దుర్గాభవాని గురువారం గురువారం రాగి జావ తెచ్చేది.

"నమిలేటివి తినకక్కా. కుట్లు ఊడుతయ్."

"కుట్లు లేవు దుర్గా."

"ఉన్నా లేకున్నా. తాగు."

వాళ్ల బంధువుల పెళ్లి సారెకు సకినాలు చేసినప్పుడు బిల్డింగంతా పంచి, మా గుమ్మం దాటి వెళ్లిపోయింది. నా పన్ను మీద ఉన్న గౌరవంతోనే. నువ్వుల వాసన మెట్లన్నీ కమ్ముకుంది. ఒక మనిషి మనశ్శాంతి కోసం ఇంతకంటే ఎక్కువ త్యాగం చెయ్యగలదని నేను అనుకోను.

ఛాయాదేవి వదినగారు లవంగనూనె పంపించి ఫోను చేశారు. "పంటినొప్పి ఎంత నరకమో నాకు తెలుసే అమ్మా. పడుకో. ఏ పనీ చెయ్యకు" అన్నారు. నాకంటే ఘోరమైన పంటినొప్పులు పడుతున్నవాళ్లు మా బంధువుల్లో లేరా? ఉండే ఉంటారు. ఆవిడ ఒక్కరి పేరు కూడా చెప్పలేదు.

అన్నిటికంటే వింత, మా ఆయన వంటింట్లోకి వచ్చారు. "వేడి తగిలితే పన్ను సలుపుతుంది. నువ్వు పొయ్యి దగ్గర నిలబడకు. పాలు నేను చూస్తాను" అన్నారు.

పాలు ఆయన చూశారు. పొంగకముందే కట్టేశారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాకు ఎంత హాయిగా ఉందో చెబితే, మీరు ఒక స్టవ్ కట్టేసినందుకా అంటారు.

ఇంత సుఖంగా ఉండగా ఒక గురువారం గండం వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టానని, తనే స్కూటరు మీద తీసుకెళ్తానని ఆయన పట్టుబట్టారు. ఏం చేస్తాను? వెనక కూర్చున్నాను. రహస్యం తెలిసిపోతే ఆ గది పోతుంది. నా వాక్యాలు నేను పూర్తి చేసుకునే చోటు ఈ నాచారం ఉప్పల్ మొత్తంలో అదొక్కటే. దారి పొడుగునా చెంప గట్టిగా పట్టుకున్నాను.

"నేను కింద కాఫీ తాగుతూ ఉంటాను. నెమ్మదిగా రా" అని ఆయన టిఫిన్ సెంటరు వైపు నడిచారు.

మొదటి అంతస్తులో కాసేపు నిజమైన పంటి రోగుల మధ్య కూర్చున్నాను. ఆయన పైకి రావడం లేదని నమ్మకం కుదిరాక మెట్లెక్కాను. రెండో అంతస్తు హాల్లో కిటికీ పక్కన కుర్చీ నిండా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన చెయ్యి చెంప మీదికి వెళ్లింది. నా చెయ్యి అప్పటికే నా చెంప మీద ఉంది.

"పన్ను, మేడమ్," అన్నారు కనకరాజు గారు.

"నాదీ అదే అన్నా."

ఇది రెండో అంతస్తని మా ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆయన పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చున్నాను. ఆ మొహంలో నవ్వు లేకపోతే ఎలా ఉంటుందో నేను అప్పటిదాకా చూడలేదు. అలసిపోయిన మొహం.

"ఎప్పటిసంది మేడమ్?"

"వానాకాలం నుంచి. మీకు?"

"తమ్ముడు పోయినకాడికెల్లి." ఆయన చెయ్యి చెంప మీంచి దించారు. "నవ్వుతనే ఉన్న. పొద్దుగాల్ల లేస్త, మిద్దెక్కుత, నవ్వుత. పోతలేదు."

నాకు ఏ సలహా తోచలేదు. తోచకపోవడమే మంచిదైంది. "ఊఁ" అన్నాను. ఆయన తమ్ముడి గురించి కాసేపు చెప్పారు. అంబర్‌పేట్‌లో ఉండేవాడట. ఆదివారం ఆదివారం ఇద్దరూ కలిసి మటన్ తెచ్చేవాళ్లట. ఇప్పుడు ఆదివారం వస్తే ఈయన ఆ దుకాణం ముందు నుంచి వెళ్లలేక వీధి మారుతున్నారట. లోపలి నుంచి పిలుపు వచ్చింది. లేస్తూ నా వైపు వంగి, "గ్రూపుల పెట్టకుండ్రి మేడమ్" అన్నారు.

"పన్ను సంగతి గ్రూపులో ఎందుకన్నా?"

నా వంతు ముగించుకుని కిందికి దిగేసరికి మా ఆయన టిఫిన్ సెంటర్లో లేరు. స్కూటరు మీద కూర్చుని ఉన్నారు. ఇంజను ఆపి ఉంది. హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టి ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నారు. ఆ కూర్చోవడం నాకు కొత్త కాదు. చాలా నెలలుగా ఆఫీసు నుంచి వచ్చాక గేటు పక్కన అలాగే కూర్చుంటారు. బాల్కనీలోంచి చూసి, పైకి రావడానికి ఇంకా ఎంతసేపని విసుక్కునేదాన్ని. ఫోను చూసుకుంటున్నారేమో అనుకున్నాను. చేతిలో ఫోను లేదని అప్పుడు గమనించలేదు.

"అయిందా?" అన్నారు.

"అయింది."

ఏ పన్ను, ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? ప్రతి గురువారం అడిగే ప్రశ్నలేవీ ఆ రోజు అడగలేదు. బండి తీసే ముందు ఒకసారి తలెత్తి రెండో అంతస్తు బోర్డు వైపు చూశారు.

ఆ ఆదివారం ఉదయం పాలు మాడిన వాసన వచ్చింది. వంటింట్లోకి వెళ్లాను. ఆయన పొయ్యి ఎదురుగా నిలబడి ఉన్నారు. పాలు అంచు దాటి గట్టంతా పరుచుకుని ఆయన పంచె అంచు మీద పడుతున్నాయి. ఆయన చూస్తూ ఉన్నారు.

నేను వెళ్లి స్టవ్ కట్టేశాను. నీకేం తక్కువ అనలేదు. నవ్వమనలేదు. గుడ్డ కూడా తియ్యలేదు. జీవితంలో మొదటిసారి గట్టు మీద పాలు అలా వదిలేసి, ఊరికే పక్కన నిలబడ్డాను. ఆయన పాల వైపు చూస్తూనే అన్నారు.

"వేసవి దగ్గర పడుతోంది. ఆఫీసు లేకపోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తెలియడం లేదోయ్."

"ఊఁ" అన్నాను.

ఆయన నెమ్మదిగా చెయ్యెత్తి చెంప మీద పెట్టుకున్నారు.

"నాకూ ఈ మధ్య పన్ను లాగుతోంది. మీ డాక్టరమ్మకు గురువారం ఖాళీ ఉంటుందంటావా?" చెంప మీద చెయ్యి తియ్యకుండానే అడిగారు. "రెండో అంతస్తే కదా?"

"రెండో అంతస్తే. అడుగుతాను" అన్నాను.

పైవరసా కట్టుడే, కిందివరసా కట్టుడే. ఆయన నోట్లో సొంత పన్నన్నది లేదు. ఏ పన్ను అని నేను అడగలేదు.

కాబట్టి పాఠకులారా, నేను మొదట చెప్పిన మాట మీదే నిలబడుతున్నాను. మనసుకు డాక్టరు అక్కర్లేదు. ఇంట్లోనే బాగుచేసుకోండి, నవ్వుకోండి, ఫ్రిజ్జుకు దండం పెట్టుకోండి. పంటినొప్పి వస్తే మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. మొదటి అంతస్తు దగ్గర ఆగకుండా పైకి వెళ్లిపోండి.